పిల్లలకు బంక్ బెడ్ ఎలా ఎంచుకోవాలి: కొనే ముందు కొలవవలసినవి, చూడవలసినవి

రెండంతస్తుల మంచం, అంటే మనం బంక్ బెడ్ అని పిలిచేది, చిన్న గదిలో ఇద్దరు పిల్లలకు చోటు చేసి, ఆడుకోవడానికి కొంత నేలను కూడా మిగులుస్తుంది. అది కొనడానికి వెళ్లినవారు మామూలుగా రంగు ఎలా ఉంది, ఆకారం బాగుందా, కింద ఎన్ని సొరుగులు వస్తాయి అన్న సంగతులే ముందు చూస్తారు. కానీ ఈ మంచంతో జరిగే ప్రమాదాల్లో తీవ్రమైనవి ముఖ్యంగా రెండు రకాలు: పై నుంచి పడిపోవడం, సందుల్లో ఇరుక్కుపోవడం. ఈ రెండింటినీ నివారించేవి కొలతలే. అడ్డుకమ్మి పరుపు కన్నా ఎంత ఎత్తున ఉంది, కమ్మికీ కమ్మికీ నడుమ ఎంత ఎడం ఉంది అన్నవి కంటి అంచనాకు అందవు. కాబట్టి దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక కొలత టేపు వెంట తీసుకువెళ్లండి. ఈ కింది పనులను ఇదే వరుసలో చేసుకుంటూ పోతే, వద్దనుకోవలసిన మంచాలు డబ్బు చెల్లించక ముందే తేలిపోతాయి.

మొదటి పని: పై మంచం ఎవరికో తేల్చుకోండి

అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, ఐరోపా ప్రమాణాలు రెండూ ఆరేళ్లు నిండని పిల్లలను పై మంచం మీద పడుకోనివ్వవద్దని చెబుతున్నాయి. ఆస్ట్రేలియా మరింత జాగ్రత్తపడి, తొమ్మిదేళ్లు నిండే దాకా వద్దంటుంది. నా దృష్టిలో ఆరేళ్లు అన్నది కనీస వయసు మాత్రమే. ఆరు నిండిన ప్రతి బిడ్డా పైకి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నట్టు కాదు. నిద్రలో లేచి నడిచే అలవాటు ఉన్నా, మూర్ఛ వంటి జబ్బు ఉన్నా, నిద్రమత్తులో తానెక్కడ ఉన్నదీ వెంటనే గుర్తుకు రాని స్వభావం ఉన్నా ఆ బిడ్డకు వయసుతో నిమిత్తం లేకుండా కింది మంచమే తగినది. రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేచే పిల్లల విషయంలోనూ ఇంతే, ఎందుకంటే సగం నిద్రలో చీకట్లో నిచ్చెన దిగడం పెద్దవాళ్లకే కష్టం.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. అక్కకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి మూడేళ్లు అనుకుందాం. అక్క పైన, తమ్ముడు కింద పడుకుంటారు కాబట్టి సమస్య లేదని అనిపిస్తుంది. అయితే మంచం రాత్రి మాత్రమే కాదు, పగలంతా కూడా ఆ గదిలోనే ఉంటుంది. అక్క ఎక్కిన చోటికి తాను ఎక్కకుండా ఉండటం మూడేళ్ల పిల్లవాడికి సాధ్యం కాదు. ఇంట్లో అంత చిన్న బిడ్డ ఉంటే, నిచ్చెన మెట్లను కప్పుతూ బిగించే పలక ఆ మంచానికి దొరుకుతుందో లేదో అడగండి. దొరకకపోతే, కింది నుంచి సొరుగులా బయటికి లాగే జంట మంచంతో రెండు మూడేళ్లు గడిపి, చిన్నవాడు ఎదిగాక బంక్ బెడ్ కొనడం మేలు.

రెండో పని: గదిని కొలవండి

పైన పడుకునే బిడ్డను నేల మీద గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, నేల నుంచి నడినెత్తి వరకు కొలవండి. ఆ కొలతకు 15 సెంటీమీటర్లు కలిపితే, పై పరుపుకూ పైకప్పుకూ మధ్య ఉండవలసిన కనీస ఎడం తెలుస్తుంది. ఎనిమిదేళ్ల బిడ్డ కూర్చున్నప్పుడు ఎత్తు సుమారు 65 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. బిడ్డ ఇంకా ఎదుగుతుంది కాబట్టి 90 సెంటీమీటర్ల చోటు వదిలితే కొన్నేళ్ల పాటు తల తగలదు. పై పరుపు ఉపరితలం నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండే మంచానికి, ఈ లెక్కన కనీసం 240 సెంటీమీటర్ల ఎత్తున్న పైకప్పు కావాలి. పైకప్పు అంటే మంచం సరిగ్గా ఏ మూలన పెడతారో ఆ మూలన ఉన్న పైకప్పు అని అర్థం. అక్కడ అటక గానీ దూలం గానీ కిందికి దిగి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

కింది మంచానికి కూడా ఇలాంటి లెక్కే ఉంది. కింది పరుపు నుంచి పై మంచం అడుగు వరకు 85 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటే పెద్దవారు కూడా అక్కడ కాసేపు కూర్చుని కథ చెప్పగలుగుతారు. జ్వరం వచ్చిన రాత్రి బిడ్డ పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు ఈ ఎడం విలువ తెలుస్తుంది.

తరువాత ఫ్యాన్. పైకప్పుకు వేలాడే ఫ్యాన్ ఉన్న గదిలో బంక్ బెడ్ పెట్టాలనుకుంటే ముందుగా తేల్చుకోవలసింది ఇదే. మామూలుగా వాడే 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ రెక్క నడిమి నుంచి 60 సెంటీమీటర్ల దూరం వరకు తిరుగుతుంది. పై మంచం మీద మోకాళ్ల మీద లేచి చేయి చాచిన బిడ్డ, లేదా దుప్పటిని గాలిలోకి విదిలించిన బిడ్డ, ఎంత దూరం అందుకోగలడో ఊహించండి. మంచం అంచుకూ ఫ్యాన్‌కూ మధ్య కనీసం 2 మీటర్ల దూరం ఉండేలా చూసుకోండి. గది చిన్నదై అంత దూరం కుదరకపోతే, ఫ్యాన్ తీసివేసి గోడ ఫ్యాన్ పెట్టించుకోవాలి, లేదా బంక్ బెడ్ ఆలోచన మానుకోవాలి. ఫ్యాన్ కొంచెం పైకి బిగిస్తే సరిపోతుందన్న మాట నమ్మవద్దు.

మూడో పని: అడ్డుకమ్ములను, సందులను పరీక్షించండి

అసలు పరీక్ష ఇక్కడే ఉంది కాబట్టి దీనికి తగిన సమయం కేటాయించండి. అమ్మేవారు తొందరపెట్టినా పట్టించుకోనక్కరలేదు.

పై మంచానికి రెండు పక్కలా అడ్డుకమ్ములు ఉండాలి. గోడకు ఆనించి పెడతాం కాబట్టి ఆ వైపు కమ్మి అక్కరలేదని అమ్మేవారు చెప్పవచ్చు, మీకూ అలాగే అనిపించవచ్చు. కానీ వాడుకలో మంచం కొద్దికొద్దిగా గోడ నుంచి జరుగుతుంది. అలా ఏర్పడిన సందులోకి నిద్రలో ఉన్న బిడ్డ జారితే, నేల మీద పడటం కన్నా గోడకూ మంచానికీ నడుమ చిక్కుకుపోవడం ఎక్కువ ప్రమాదకరం. అందుకే అమెరికా నిబంధనల ప్రకారం గోడవైపు కమ్మి మంచం ఈ చివర నుంచి ఆ చివర వరకు ఎక్కడా తెగకుండా ఉండాలి. రెండో వైపు నిచ్చెన కోసం ఖాళీ వదలవచ్చు గానీ అది 38 సెంటీమీటర్లు మించకూడదు. ఐరోపాలో ఈ ఖాళీ 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటారు.

కమ్మి ఎత్తును పరుపు పైభాగం నుంచి కొలవాలి. చట్రం నుంచి కొలిస్తే తప్పుడు ధైర్యం వస్తుంది. అమెరికాలో కనీసం 12.7 సెంటీమీటర్లు, అంటే 5 అంగుళాలు, పరుపు కన్నా పైకి ఉండాలి. ఐరోపాలోనూ ఆస్ట్రేలియాలోనూ 16 సెంటీమీటర్లు ఉండాలి. మీ దేశంలో ఏ ప్రమాణం ఉన్నా 16 సెంటీమీటర్లనే లెక్కగా పెట్టుకోమని నా సలహా. అయితే ఎంత ఎత్తు కమ్మి అయినా నిద్రలో దొర్లే బిడ్డను ఆపడానికే పనికివస్తుంది, పైన నిలబడి గెంతే బిడ్డను అది ఆపలేదు.

ఇక సందులు. చిన్నపిల్లల్లో తల దూరడానికి ఒంటి కన్నా ఎక్కువ చోటు కావాలి. పడుకున్న బిడ్డ కాళ్లవైపు నుంచి ఒక సందులోకి జారినప్పుడు నడుము, ఛాతీ దూరిపోయి, తల మాత్రం దూరక అక్కడే ఆగిపోతుంది. కాళ్లు నేలకు అందవు కాబట్టి ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. కాబట్టి సందు ఒళ్లు దూరనంత చిన్నదిగానైనా ఉండాలి, తల కూడా హాయిగా దూరేంత పెద్దదిగానైనా ఉండాలి. అమెరికా లెక్క ప్రకారం పై మంచం కమ్ముల నడుమ 8.9 సెంటీమీటర్ల వెడల్పు దిమ్మ దూరకూడదు. కింది మంచం రెండు చివరల్లోని సందులు అంతకన్నా చిన్నవిగానో, 23 సెంటీమీటర్ల గోళం దూరేంత పెద్దవిగానో ఉండాలి. మన వాడుక కొలతల్లో చెప్పుకోవాలంటే, బెత్తెడు దాటి జానెడు లోపు ఉండే సందే ప్రాణాంతకమైన సందు. ఐరోపా ప్రమాణం కమ్ముల నడుమ 7.5 సెంటీమీటర్లకు మించి ఒప్పుకోదు.

దీనిని పరీక్షించడానికి ఇంట్లోనే 9 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు ఉన్న దళసరి చెక్కముక్క గానీ అట్టపెట్టె గానీ సిద్ధం చేసుకుని వెళ్లండి. పరుపు తీయించి, కమ్ముల మధ్య, కమ్మికీ మంచం పట్టెకూ మధ్య, నిచ్చెనకూ కోడుకూ (మంచం నిలువు కాలికీ) మధ్య, తలవైపు, కాళ్లవైపు దానిని దూర్చి చూడండి. పరుపు తీయించమనడానికి కారణం ఉంది: పరుపు ఉన్నప్పుడు మూసుకుపోయినట్టు కనిపించే సందు, బిడ్డ బరువుకు పరుపు నొక్కుకుపోగానే తెరుచుకుంటుంది. కింది మంచం చివరల్లో 23 సెంటీమీటర్ల గోళం దూరేంత పెద్ద సందులు తప్ప, మరెక్కడైనా ముక్క దూరిందంటే ఆ మంచం వద్దు. తీగలతోనో తాళ్లతోనో ఆ సందును తరువాత మూయవచ్చని సరిపెట్టుకోవద్దు.

మంచం కోళ్ల చివరలు పరుపు పైకి మొనల్లా పొడుచుకు వచ్చి ఉన్నాయేమో కూడా చూడండి. పైనుంచి దిగే బిడ్డ చొక్కా మెడపట్టీ అలాంటి మొనకు తగులుకుంటే ఉరి బిగుసుకునే ప్రమాదం ఉంది.

నాలుగో పని: పరుపు మందాన్ని మంచంతో పాటే నిర్ణయించుకోండి

మంచం ఒక చోట, పరుపు మరొక చోట కొనేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. దుకాణంలో చూపడానికి వేసిన పరుపు పలుచగా ఉంటుంది. ఇంటికి వచ్చాక మెత్తగా ఉండాలని దళసరి పరుపు వేస్తారు. దానితో అడ్డుకమ్మి పేరుకే మిగులుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పరుపు పరిచే బద్దల నుంచి కమ్మి పై అంచు వరకు 30 సెంటీమీటర్లు ఉన్నదనుకుంటే, 20 సెంటీమీటర్ల పరుపు వేశాక మిగిలేది 10 సెంటీమీటర్లే, అది ఏ ప్రమాణానికీ చాలదు. అదే మంచం మీద 12 సెంటీమీటర్ల పరుపు వేస్తే 18 సెంటీమీటర్ల కమ్మి పైకి నిలుస్తుంది. మంచి తయారీదారులు గరిష్ఠ పరుపు మందాన్ని మంచం మీదే ముద్రిస్తారు లేదా గీత గీసి చూపుతారు. ఆ గీత గానీ ఆ సంఖ్య గానీ లేకపోతే బద్దల నుంచి కమ్మి ఎత్తును మీరే కొలిచి, దానిలోంచి 16 తీసివేయండి; మిగిలినదే పై పరుపుకు హద్దు.

పలుచని పరుపు అంటే పిల్లల నడుముకు సుఖం ఉండదేమోనన్న దిగులు అక్కరలేదు. పిల్లల బరువు తక్కువ కాబట్టి, గట్టిదనం బాగున్న 12 సెంటీమీటర్ల పరుపు వారికి చక్కగా సరిపోతుంది. కింది మంచానికి ఈ హద్దు లేదు, మీకు నచ్చినంత మందం వేసుకోవచ్చు. తలపైన మిగిలే ఎడాన్ని మాత్రం మరోసారి కొలుచుకోండి. పొడవు వెడల్పుల్లో పరుపు చట్రానికి సరిగ్గా అతకాలి. కాళ్లవైపు నాలుగు వేళ్ల ఖాళీ మిగిలినా అది మరొక సందు అవుతుంది.

పరుపు కింది బద్దలను చేత్తో పైకి ఎత్తి చూడండి. అవి పట్టెకు స్క్రూలతో బిగించి ఉండాలి. ఊరికే గాడిలో పెట్టిన బద్దలు కింది మంచం మీది పిల్లలు కాళ్లతో తన్నినప్పుడు లేచిపోతాయి, ఆ తరువాత పై పరుపు కిందికి దిగుతుంది.

అయిదో పని: నిచ్చెన ఎక్కించి చూడండి

నిట్టనిలువు నిచ్చెన తక్కువ చోటు తీసుకుంటుంది గానీ దిగడం కష్టం. కొంచెం వాలుగా ఉన్న నిచ్చెన మేలు. గుండ్రని గొట్టం మెట్లు అరికాలికి నొప్పి కలిగిస్తాయి, తడి కాలితో జారుతాయి. కనీసం మూడు నాలుగు వేళ్ల వెడల్పున్న చదును మెట్లు, వాటి మీద గరుకు పట్టీ ఉంటే పిల్లలు భయపడకుండా దిగుతారు. మెట్ల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. నిచ్చెనను ఊరికే కొక్కేలతో తగిలించి ఉంచకూడదు, మంచానికి బోల్టులతో బిగించాలి. సొరుగులతో కూడిన మెట్ల వరుస ఉన్న మంచాలు వీటన్నిటికన్నా సుఖమైనవి, కాకపోతే మంచం పొడవును 40, 50 సెంటీమీటర్లు పెంచుతాయి, దానికి తగ్గ గది కావాలి.

పైకి చేరిన బిడ్డ ఆఖరి మెట్టు మీద ఉన్నప్పుడు చేత్తో దేనిని పట్టుకుంటుందో గమనించండి. పరుపు కన్నా పైకి పట్టుకోవడానికి ఒక పిడి గానీ కమ్మి గానీ ఉండాలి. అది లేని మంచం మీద పిల్లలు దుప్పటి అంచు పట్టుకుని పైకి పాకుతారు. బిడ్డను మీతో తీసుకువెళ్లి, వీలైతే నాలుగైదు సార్లు ఎక్కించి దింపించండి. ఎక్కడం కన్నా దిగడాన్నే శ్రద్ధగా చూడాలి.

ఆరో పని: గట్టిదనాన్ని చేత్తో తెలుసుకోండి

పై మంచం కోడును రెండు చేతులతో పట్టుకుని ముందు పొడవు వైపు, తరువాత అడ్డంగా ఊపండి. కొద్దిపాటి కదలిక సహజమే. కీళ్ల దగ్గర కిర్రుమని మోగినా, చట్రం పక్కకు వాలినా ఆ మంచం బిడ్డతో పాటు పెరిగే బరువును మోయలేదు. ఎంత బరువు మోస్తుందో రాతపూర్వకంగా అడగండి. పక్క సర్దడానికి గానీ, ఏడుస్తున్న బిడ్డ దగ్గరకు వెళ్లడానికి గానీ మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతారు కాబట్టి, ఆ సంఖ్య బిడ్డ బరువుకు దగ్గరగా ఉంటే సరిపోదు.

గట్టి కలప మంచం బరువైనా బోల్టులను ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. ఇనుప మంచంలో అతుకులను వేలితో తడిమి చూడండి, గొట్టాల చివర మూతలు ఉన్నాయో లేదో గమనించండి. పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలకల మంచం చౌకగా వస్తుంది, కానీ దానిని ఒకటి రెండు సార్లు విప్పి బిగించేసరికి స్క్రూ రంధ్రాలు వదులవుతాయి. పై మంచాన్ని మోసే కోళ్లు, పట్టెలు అలాంటి పలకతో చేసినవైతే నేను సిఫారసు చేయను. పైగా ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనపు ఆవిరి వెలువడుతుంది, అందుచేత తక్కువ ఉద్గారాలను సూచించే ఈ1 గుర్తు ఉన్న పలకనే ఎంచుకోండి. రంగు విషయానికి వస్తే, పిల్లల వస్తువుల రంగులో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్నది 2009 నుంచి అమెరికాలో అమలులో ఉన్న హద్దు. పిల్లలు పై కమ్మిని కొరుకుతారు కాబట్టి ఇది మంచానికి కూడా ముఖ్యమే.

వాడిన మంచం కొంటున్నట్లయితే ఈ పరీక్షలన్నీ రెట్టింపు శ్రద్ధతో చేయండి. అసలు బోల్టులు, రెండో వైపు కమ్మి, బిగింపు సూచనల కాగితం ఉంటేనే కొనండి. పోయిన బోల్టు స్థానంలో వేరే కొలత బోల్టు తొడిగి ఉంటే వదిలివేయడమే మంచిది.

ఏడో పని: బిగింపు, చోటు

సూచనల కాగితంలో ఉన్న ప్రతి భాగాన్నీ వాడండి. బిగింపు అయ్యాక స్క్రూలు మిగిలితే ఏదో దాటవేశారని అర్థం. రెండు విడి మంచాలుగా విడదీయగల రకమైతే, పై చట్రాన్ని కింది చట్రానికి పట్టి ఉంచే ఇనుప కడ్డీలు పూర్తిగా దిగాయో లేదో చూసి, పై మంచాన్ని ఎత్తడానికి ప్రయత్నించండి. అది ఊడి రాకూడదు. మంచాన్ని గోడకు పూర్తిగా ఆనించండి, వీలైతే గోడకు బిగించండి. గది మూలన రెండు గోడలకు ఆనించి పెడితే మరీ మంచిది. కిటికీ పక్కన, ముఖ్యంగా లాగుడు తాళ్లున్న తెరల పక్కన పెట్టవద్దు. నిచ్చెన దిగువన బల్ల అంచు గానీ, తెరిచి వదిలే సొరుగు గానీ, తలుపు రెక్క గానీ ఉండకూడదు. అక్కడ చిన్న తివాచీ పరచాలనుకుంటే దాని అడుగున జారని పట్టీ ఉండాలి.

ఎనిమిదో పని: పిల్లలతో ఒప్పందం, మీతో మీకు ఒప్పందం

మంచం వచ్చిన రోజునే నియమాలు చెప్పాలి, నెల తరువాత చెబితే అవి శిక్షలా వినిపిస్తాయి. పైన ఒకే సమయంలో ఒక్కరే ఉండాలి. గెంతడం, తోసుకోవడం, కమ్మి మీద కూర్చోవడం కుదరదు. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి. తాడు, చున్నీ, బెల్టు, గెంతుడు తాడు వంటివేవీ మంచానికి కట్టకూడదు, వేలాడదీయకూడదు. ఆటలో కట్టిన ముడే మెడకు చుట్టుకోవచ్చు. మెడలో దారం గానీ గొలుసు గానీ ఉంటే పడుకునే ముందు తీసివేయాలి. నిచ్చెన మెట్లు కనిపించేంత వెలుతురు ఇచ్చే చిన్న రాత్రి దీపం పెట్టి, మొదటి వారంలో ఆ వెలుతురులోనే దిగడం సాధన చేయించండి. పైన పడుకునే బిడ్డకు ఒంట్లో బాగా లేని రాత్రి కింద పడుకోబెట్టండి.

పెద్దల పని మరొకటి ఉంది. కొత్త మంచం బోల్టులు మొదటి కొన్ని వారాల్లోనే కొద్దిగా వదులవుతాయి కాబట్టి నెల తిరగక ముందే ఒకసారి అన్నిటినీ బిగించి, ఆపై మూడు నెలలకొకసారి చూడండి. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకునే కలపకు ఇది మరీ అవసరం. బోల్టులు బిగించే పానాను మంచం కింది సొరుగులో కాక, పిల్లలకు అందని చోట పెట్టుకోండి. పక్క మార్చిన ప్రతిసారీ కమ్మిని ఒకసారి బయటికి నెట్టి చూడటం అలవాటు చేసుకోండి. కమ్మి చేతికి వదులుగా తగిలితే, దానిని బాగు చేసే దాకా బిడ్డ పరుపును నేల మీద వేయండి.